చల్లారేదాకా

బానెట్ మీద అరచెయ్యి పెట్టాను.
వెచ్చగా ఉంది,
డ్యూటీలో ఎవరి నుదుటి మీదో పెట్టినట్టు.

చూడ్డానికి వస్తున్నాను, ముందే స్టార్ట్ చెయ్యకండి అని
ఫోన్లో రెండుసార్లు చెప్పాను.
"వేడిగా ఉందే" అన్నాను.
డెరెక్ నా చెవి పక్కనున్న కంచెను చూస్తూ
"ఎండకేమో" అన్నాడు.
గ్రిమ్స్‌బీలో, ఫిబ్రవరిలో, పొద్దున్నే ఏడింటికి!

మా నాన్న పశువుల సంతలో దళారి.
పొద్దుటి పాలు పితక్కుండా ఆపి
నిండు పొదుగుతో తోలుకొచ్చిన గేదెను
పది బారల దూరం నుంచే పట్టేసేవాడు.
ఏమీ అనేవాడు కాదు.
"తొందరేముంది, సాయంత్రం దాకా కూర్చుందాం" అని
దాని పక్కనే చుట్ట ముట్టించేవాడు.

"చల్లారేదాకా కూర్చుంటాను" అన్నాను.

ఇంతకు ముందు మూడు బండ్లు చూశాను.
క్లీథోర్ప్స్‌లో దానికి సీట్ల కింద తడి.
లౌత్‌లో దానికి ఏడాదిలో ముగ్గురు యజమానులు.
మూడోదాని గురించి చెప్పను, ఇంకా కోపం పోలేదు.
ఇది పన్నెండేళ్ళది. వెయ్యి సీసీ, మూడు సిలిండర్లు, పెట్రోలు.
టర్బో లేదు, తెర లేదు,
వెనక అద్దాలకు చేత్తో తిప్పే పిడులు.
పాడవడానికి ఇందులో పెద్దగా ఏమీ లేదు,
అదే దీని అందం.

నాకు రోజుకి పదకొండు ఇళ్ళు.
ఒకరికి స్నానం, ఒకరికి మాత్రలు, ఒకరికి ఉత్త పలకరింపు.
మా వైపు ఆదివారం బస్సు రాదు.
మాత్రలకు ఆదివారం లేదు.

వంటింట్లో టీ.
కెటిల్ మీటకు ఉబ్బెత్తు బిళ్ళ ఒకటి అంటించి ఉంది.
అలాంటి బిళ్ళలు ఎన్ని వంటిళ్ళలో చూశానో.
కప్పు అంచు లోపల చూపుడువేలు ఆనించి
వేడి తగిలేదాకా పోశాడు.
"ఎన్నాళ్ళైంది?" అన్నాను.

చూపు నడిమధ్య మసి పట్టిందట.
అంచులు బాగానే కనిపిస్తాయట:
గోడ, గడప, నా కోటు భుజాలు.
ముఖం ఒక్కటే లేదట.
అక్టోబరులోనే లైసెన్సు వెనక్కి పంపేశాడట.

"ఆరింటికి" అన్నాడు కాసేపటికి,
"రోడ్డు మీద పిల్లి కూడా లేదు.
చేపల రేవు దాకా వెళ్ళొచ్చాను.
రెండో గేరు దాటలేదు."
నలభై ఏళ్ళు లారీ తోలిన మనిషి.
"నువ్వు తీసుకెళ్ళిపోతావు కదా" అన్నాడు.

నా ఉద్యోగంలో ప్రతిదీ రాయాలి,
ఎవరు ఎన్ని గుక్కల నీళ్ళు తాగారో కూడా.
సంచిలో పెన్ను ఉంది. తియ్యలేదు.
"రెండో తాళం చెవి కూడా ఇస్తేనే కొంటాను" అన్నాను.
బిస్కెట్ల డబ్బా అడుగు నుంచి తీసి
టేబుల్ మీద పెట్టాడు. వెంటనే కాదు.

తొమ్మిదింటికి బానెట్ రాయిలా చల్లబడింది.
ఆయిల్ మూత కింద మీగడ కట్టలేదు.
తలుపు కింద ఉప్పుగాలి తిన్న తుప్పు, బొటనవేలంత.
తాళం తిప్పాను.
ఒక్క దగ్గు,
ఆపైన మూడు సిలిండర్ల చిన్న గొణుగుడు.
"చైను. బెల్టు కాదు" అన్నాడు తల ఓ పక్కకు వంచి.
వినికిడికి మాత్రం మసి లేదు.

జాలి పడ్డాను. బేరం మానలేదు.
ముందు టైర్లు రెండూ అరిగిపోయాయి, తుప్పుకి ఓ యాభై.
పన్నెండొందలు చెప్పిన బండి వెయ్యీ డెబ్బైకి దిగింది.
నాన్నైతే వెయ్యి దగ్గర లేచి నిలబడేవాడు.

రసీదు మీద ఎక్కడ సంతకం పెట్టాలో
అతనికి కనబడలేదు.
వేళ్ళు పట్టుకుని ఆ చోటికి తీసుకెళ్ళాను.
సంతలో తుండుగుడ్డ కింద
రెండు చేతులు ఇలాగే మాట్లాడుకునేవి,
చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమీ తెలియకుండా.

రేవు మీదుగా వెళ్ళమన్నాడు,
నా దారి అటు కాకపోయినా.
వెళ్ళాను. రెండో గేరులో.
వెనక ఎవరో హారన్ కొట్టారు.