సొట్ట లేని డబ్బా

న్‌ఖోటాకోటా సంతలో ఉసిపా చేపకి తూకం లేదు.
పాలపొడి డబ్బాతో కొలుస్తాం,
పైన పోగు పోసి, పడబోయే వాటిని అరచేత ఆపి
కొన్నవాళ్ల చితెంజె గుడ్డలోకి ఒంపుతాం.

డబ్బా అడుగున రాయితో ఒక్క దెబ్బ వేస్తే
బయట సొట్ట, లోపల గుట్ట.
కొలతకో గుప్పెడు మనకి మిగులుతుంది.
మా అమ్మ నాకు నేర్పింది, అమ్మకి వాళ్లమ్మ.
దొంగతనమన్న మాట ఎవరి నోటా రాలేదు.
"డబ్బా కింద పడింది" అనేవాళ్లం, అంతే.

ఫలేసి నాఫిరి బాప్తిస్మం తీసుకున్న వారమే
రోకలి పెట్టి తన డబ్బా అడుగు చదును చేసింది.
నా పక్క బల్లే ఆమెది.
తెల్లారకముందే ఠంగు ఠంగుమని ఆ మోత,
సరస్సు మీద దీపాలార్పుకుంటున్న పడవల దాకా.
"గుప్పెడు చేపకి పరలోకం ఇస్తారటనా?" అన్నాను.
చెమట తుడుచుకుని
"నిద్ర పట్టట్లేదే" అంది.
ఇన్నేళ్లలో ఆమె చేసిన ప్రసంగం అదొక్కటే.

నేనా, క్వయర్‌లో ముందు వరస.
నేను గొంతెత్తితే రేకుల మీద పావురాలు లేచిపోయేవి.
ఆమెది బొంగురు, ఎత్తుకోవడమే శ్రుతి తప్పి ఎత్తుకునేది.
వెనక బెంచీకి పంపించాం.
తెల్ల జాకెట్టు ఇస్త్రీ చేసుకొచ్చి
వెనకే కూర్చుని, అలాగే తప్పు పాడేది.

మొదటి రెండేళ్లూ నష్టపోయింది.
వానలకి తడకల మీద చేప కుళ్లిన ఏడు
మిగుల్చుకున్న గుప్పెళ్లతో నేను గట్టెక్కాను.
ఆమె యామికానీని బడి మాన్పించింది.
ఆ పిల్లాడు మా బల్లల మధ్య కూర్చుని
చేపలకి ఈగలు తోలడం చూశాను.
దేవుడూ చూసే ఉంటాడు.
ఎందుకు ఊరుకున్నాడో
నాకిప్పటికీ మింగుడు పడదు.

ముందు పిల్లలొచ్చారు ఆమె దగ్గరికి.
చిల్లర పిడికిట్లో పట్టుకొచ్చే పిల్లల్ని
సంతంతా మోసం చేసేది, నాతో సహా.
ఏ బల్ల నుంచి గిన్నె నిండుగా వస్తోందో
తల్లులకి తెలిసింది.
తర్వాత మసీదు వీధి నుంచి కబురు,
షేక్ చిలాంగా కూతురి పెళ్లికి నలభై డబ్బాలు,
"ఆ చర్చి ఆవిడ డబ్బాతోనే కొలిపించండి" అని.
ఆ పైన ఒక రాత్రి, పడవ పంపకాల దగ్గర
కత్తి దాకా వెళ్లిన అన్నదమ్ములిద్దరూ
ఒక్కసారే అన్నారట, "నాఫిరి డబ్బా తెప్పించండి."

మొన్న చెల్లెలి కాన్పుకి సలీమా వెళ్తూ
ఆ డబ్బా నా చేతిలో పెట్టింది.
"వారం చూసుకో."
నా డబ్బా సంగతి ఆమెకి తెలుసు.
తెలిసే ఇచ్చింది.

ఆ వారమంతా నా బల్ల ముందు బారు.
నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవని ముసలాయన
"మాయీ" అన్నాడు, టోపీ తీశాడు.
చేప నాది, చేయి నాది,
టోపీ మాత్రం ఆయన డబ్బాకి తీశాడు.

కొలతకో గుప్పెడు పోతుంటే
మొదటి రోజు కడుపు తరుక్కుపోయింది.
నాలుగో రోజు లెక్కపెట్టడం మరిచిపోయాను.
ఐదో రోజు మళ్లీ గుర్తొచ్చింది.

ఇవాళ శనివారం, ఆమె వచ్చేసింది. డబ్బా ఇచ్చేశాను.
ఇంటికొచ్చి నాది బోర్లించి చూసుకున్నాను.
మా అమ్మ కొట్టిన సొట్ట,
ఆమె బొటనవేలు పట్టేంత.
ఆమెది మిగిలింది నా దగ్గర ఇదొక్కటే.
రోకలి తీశాను, మళ్లీ గోడకి ఆనించాను.
కొడితే సరస్సు దాకా వినబడుతుంది,
ఫలేసికి వినబడుతుంది.

రేపు పొద్దున ముందు వరసలో పాడాలి.
గొంతు సవరించుకుంటున్నాను ఇందాకట్నించీ,
పొలుసేదో అడ్డం పడ్డట్టుంది.