గెట్టు

కనగల్ల పొద్దంతా గొలుసు గుంజి
రెండు గుంటల కోసం అన్నదమ్ములిద్దరి తిట్లు తిని
ఇంటికొచ్చిన.
చెప్పులిడువకముందే తొట్టి దిక్కు చూస్త.
నాలుగడుగుల సముద్రం.

నల్లగొండ నీళ్లు దానికి పడవు.
మా అమ్మ మోకాళ్లను వంచిన నీళ్లు,
నా ముందరి పండ్ల మీద గోధుమ చార గీసిన నీళ్లు.
ప్లాంటు నుంచి క్యాన్లు మోసుకొచ్చి
ఉప్పు తూకమేసి కలిపి
రాత్రంత తిప్పి పోస్త.
"బిడ్డకు గూడ ఇంత మంచిగ తాపలేదు" అంటది సుగుణ.
నిజమే.

పోయిన నెల గడియారం కాడ
జాంగీర్ కవరు ముడి ఇప్పకముందే చెప్పిండు:
"సుత్తి పగడం, కప్పగుడ్ల పగడం మేనబావలు,
భుజాలు రాసుకున్నా ఏం గాదు.
ఈ గెలాక్సియాను మాత్రం
ఎవ్వల పక్కకు పెట్టకు సార్. జానెడు ఇడువు."

జానెడే గదా అని
రెండు ఇంచులు తగ్గించిన.
ఊరందరి హద్దులు కొలిచేటోణ్ణి
నా ఇంట్ల నేనే గెట్టు జరిపిన.

పగలు ఏం లేదు. ఆకుపచ్చ చుక్కలు, అంతే.
నిన్న రాత్రి రెండింటికి
మోటరు సప్పుడు మారి లేచి
సెల్లు లైటుకు ఎర్ర కాయితం చుట్టి చూసిన.
దారప్పోగులసొంటి చేతులు, కొసలకు తెల్లటి బుడిపెలు,
నీటి వాలుకు సాగి సాగి
సుత్తి పగడం తలలు తడుముతున్నయి.
తిట్టు లేదు. గొడ్డలి లేదు. పాసుబుక్కు లేదు.
అటు దిక్కు మూడు తలలు కరిగి
కింద తెల్లటి బొక్క.

మూలకున్న తోలు పగడం ఇంకో తీరు.
ఎవ్వల్ని ముట్టదు. ముడుచుకొని కూసుంటది,
నీళ్లల్లనే ఏదో కలుపుతది.
బొగ్గు మార్చుడు మరిస్తే
ఆ కొసకున్నది ఎందుకు వాడిపోతున్నదో
ఎవ్వలకు సమజ్ గాదు.
మా ఆఫీసుల ఒకాయన యాదికొస్తడు. పేరు చెప్ప.

వీటికి కాళ్లు లేవు.
లేచిపోయే దారి లేదు.
పగ అనేది నా మాట, వాటిది గాదు.

మోచేతి దాక ముంచి
రాయితో సహా గెలాక్సియాను లేపిన.
ఎక్కడ పెట్టాలె?
కుడికి తోలుది. ఎడమకు గుండీ పగడాలు. ముందర అద్దం.
నీళ్లు కారుకుంట నిలవడ్డ.

సుగుణ లేచొచ్చింది.
"పొద్దుగాల యాడికి?"
"మళ్ల కనగల్లే. తమ్ముడు హద్దురాయి పీకిండట."

ఆమె ఏం అనలే.
సొరుగుల నుంచి టేపు తీసి
ఒక కొస అద్దానికి ఆనించి పట్టుకున్నది.