తొడ చుట్టుకొలత

పదకొండేళ్లు మనుషుల మోకాళ్లు వంచాను
తార్తూ ఆసుపత్రి మూడో అంతస్తులో.
ఎక్కడ నొప్పి అని అడిగితే
చూపుడువేలు దానంతటదే ఆ చోటికి వెళ్లేది.

ఇక్కడ అడగడానికి లేదు.
మొదటి రోజే మా టీచర్ హెల్వే
కళ్లకు గంతలు కట్టి
బల్లమీద ఎముకలు కుమ్మరించింది.
"పేరు చెప్పు. ఎడమో కుడో చెప్పు.
బతికుండగా కుంటిందా, అదీ చెప్పు."
పిల్లి తుంటిని పట్టుకుని
కుందేలుది అన్నాను.
మనుషుల వైద్యం చదివినదాన్నని
కాస్త గీర ఉండేది లెండి,
ఆ బల్ల దగ్గరే దిగిపోయింది.

రెండేళ్లు.
తెల్లవారుజామున చెల్లెలి బేకరీలో పిండి పిసికి
పగలంతా గ్రేహౌండ్ల వీపులు పిసికాను.
చేతులకు తేడా తెలియని రోజులున్నాయి.
పిండి కరవదు, అంతే.
నోరులేని జీవాలంటారు గానీ
ఉంది నోరు, పళ్లతో సహా.
ఎడమ మణికట్టు మీద మచ్చ పేరు రెక్స్.

పెదవి నాకితే ఆకలి కాదని తెలిసింది.
ఊపిరి ఎక్కడ ఆగిందో
నొప్పి కాపురం అక్కడేనని తెలిసింది.
ట్రెడ్‌మిల్‌ తొట్టిలో నీళ్లు తుంటిదాకా వస్తే
ఒంటి బరువు సగానికి పైగా నీళ్లే మోస్తాయి.
నా ఫీజు అప్పును మాత్రం
ఏ నీళ్లూ మోయలేదు.

ఫిబ్రవరిలో కుక్కెల్ వచ్చింది.
కుక్కెల్ అంటే మా భాషలో చిన్న బన్ను.
డాక్స్‌హండ్. డిస్కు జారి, ఆపరేషనై,
వెనక కాళ్లు వేరెవరివో అన్నట్టు
ఈడ్చుకుంటూ.
చేపల సంచిలో మోసుకొచ్చినాయన వంబోలా,
నలభై ఏళ్లు పడవల ఇంజన్లు విప్పినవాడు.
"ఎప్పటికి నడుస్తుంది?" అన్నాడు.
ఇంజనుకైతే తేదీ చెప్పేవాడట.

టేపు పెట్టి తొడ కొలిచాను.
పదహారున్నర.
ప్రతిసారీ అదే చోట, అదే బిగువుతో.
"జాగ్రత్త," అంది హెల్వే వెనక నుంచి,
"ఆశ టేపును వదులు చేస్తుంది."

మార్చి మొదట్లో పదహారున్నర.
మార్చి చివర పదహారు మీద రెండు గీతలు.
తొట్టిలో ముందుకాళ్లు నడుస్తున్నాయి,
వెనకవి నా రెండు చేతులు నడుపుతున్నాయి.
అద్దంలోంచి చూస్తే
నడిచేది కుక్కో నేనో.

ఏప్రిల్లో పరీక్ష.
"మెరుగు కనపడకపోతే?" అడిగిందావిడ.
ఇంకో నాలుగు వారాలు చేయిస్తానన్నాను.
"ఆ తర్వాత?"
ఇంకో నాలుగు.
ఫెయిల్.
కాగితం అంచున పెన్సిల్‌తో ఒక్క వాక్యం:
కుక్క గురించి అడిగితే మీ గురించి చెప్పారు.

మర్నాడు క్లినిక్కుకు వెళ్తే
వంబోలా నేలమీద గొంతుకూర్చుని ఉన్నాడు
పాత పిల్లల బండి చక్రాలు రెండు,
అల్యూమినియం పట్టీ, పడవ మేకులు.
నన్ను అడగలేదు. నొచ్చుకున్నాను కూడా.
"ఇంజను ఆగితే," అన్నాడు తలెత్తకుండా,
"తెడ్డు తీస్తాం. నడి నీళ్లలో కూర్చుని ఏడవం."

కుక్కెల్‌ను బండిలో ఎక్కించాం.
రెండు గజాలు వెళ్లి ఆగింది.
పెదవి నాకింది.
నాకు అప్పుడు కనపడింది
ఇరుసు వెనకెక్కడో ఉంది,
బరువంతా భుజాల మీద పడుతోంది.
రెండు వేళ్లు ముందుకు జరపమన్నాను.
తొడల సందున దూది, పైన మెత్తటి తోలు.
ఆయన మేకులు విప్పాడు, నేను పట్టీ పట్టుకున్నాను,
ఎవరం మాట్లాడలేదు.

ఎమాయొగి మీద మంచు కరిగిన వారం
గట్టంట బాతుల వెంట పడింది కుక్కెల్,
చక్రాల చప్పుడుకు
బాతులు ముందే లేచిపోతుంటే
దానికి అదే మహా ఆనందం.

ఆకులు రాలే నెలలో మళ్లీ అదే గది,
అదే ప్రశ్న.
ఇరుసు గురించి మొదలుపెట్టాను,
తోలు ఎక్కడ ఒరుసుకుంటుందో,
మెట్లున్న ఇంట్లో ఏం చేయాలో,
రాత్రి ఎవరు పక్క తిప్పాలో.
ఆవిడే గడియారం చూపించి ఆపింది.

నిన్న కొలిచాను.
పదహారే. టేపు బిగువు మార్చలేదు.
వదిలేశాక ఎడమ కాలు
గాలిలో ఒక్కసారి తన్నింది.
వెన్ను చేసిన పనో, కుక్కెల్ చేసిన పనో.
తేదీ వేసి రాసుకున్నాను.
పేరేమీ పెట్టలేదు.