తోక దగ్గర దింపండి

సిలిండర్లు మోసేవాడికి ఊరంటే మెట్లు.
పదహారేళ్లుగా కాకినాడని
మోకాళ్లతో చదువుతున్నాను.
జగన్నాథపురంలో మెట్లు నిటారు.
రామణయ్యపేటలో లిఫ్టులున్నాయి గాని
నన్ను ఎక్కనివ్వరు.

నిరుడు వానలు వెనకబట్టాక
ధనుష్కోటి మళ్లీ నిచ్చెన దించాడు.
ఫ్లెక్సీలొచ్చి కుంచె ఎండిపోయాక
బడ్డీలో సోడాలు కొట్టుకుంటున్న మనిషి.
పిలిచి నాలుగు పేటల్లో నాలుగు గోడలిచ్చారు,
నాలుగు బొమ్మలు వేస్తాడని.
వాడు ఒకే ఒక్క చేపని మొదలెట్టాడు.

తల ఏటిమొగలో, ఐసు ఫ్యాక్టరీ గోడ నిండా.
కన్ను ఒక్కటే నా ట్రాలీ అంత.
రెక్క వంతెన దిగగానే, బియ్యం గోడౌను మీద.
తోక రామణయ్యపేట బడి ప్రహరీకి.
పొట్టకిచ్చిన గోడని మాత్రం
రోడ్డు వెడల్పని రాత్రికి రాత్రే కొట్టేశారు.
"పొట్ట లేని చేపేంట్రా?" అన్నాను.
నిమ్మకాయ పిండుతూ, తలెత్తకుండా,
"అక్కడ ఉప్పుటేట్లో మునిగింది" అన్నాడు.

అప్పట్నించి ఫోన్లో డోరు నంబర్లు చెప్పడం మానేశారు జనం.
రెక్క కింద సందు, రెండో గేటు.
కంటికి ఎదురు మేడ, కుక్క ఉంది, జాగర్త.
తోక దగ్గర దింపి మిస్‌డ్ కాల్ ఇవ్వు.
ఏ పేటవాళ్లకి ఆ ముక్కే తెలుసు.
మొత్తం చేపని చూసింది
నేనూ, పదహారో నంబరు బస్సు కండక్టరూ,
తట్ట నెత్తిన పెట్టుకు తిరిగే మరిడమ్మా.

తోక వీధిలో అందరూ అది విసనకర్ర అనుకున్నారు.
బాగుంది, చల్లగా ఉంది అనుకున్నారు.
ఓ మధ్యాహ్నం ఆ గోడ నీడన తట్ట దించి
మరిడమ్మ చెమట తుడుచుకుంటుంటే
పై వాటా త్రిపురసుందరి గారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని
"ఆ విసనకర్ర కింద పెట్టకమ్మా, వాసన" అన్నారు.
"విసనకర్ర కాదండీ.
మా పేటలో దీనికి కన్నుంది."

"కన్నా?"

ముప్పై ఏళ్లుగా ఆ వీధిలో తిరుగుతున్న మరిడమ్మని
రేటు కాక ఇంకోటి అడిగిన మొదటి మాట అది.
నేను రెండు సిలిండర్లతో పక్కనే ఉన్నాను,
విన్నాను.

ఆదివారం ఏటిమొగలో డెలివరీ.
ఐసు ఫ్యాక్టరీ ముందు ఆటో ఆగింది.
చేతిసంచి, గొడుగు, జరీ అంచు చీర.
ఆవిడ మెడ వెనక్కి వంచి
ఆ కంటికేసి చాలాసేపు చూశారు.
కన్ను కూడా ఏమీ తక్కువ చూడలేదు.
"రెప్ప లేదే," అన్నారు చివరికి.
"చేపకి ఉండదండీ," అంది మరిడమ్మ,
పక్క కొట్లో అడిగి తెచ్చిన
ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని పైటతో తుడుస్తూ.

కూచుంటారో కూచోరో అని
వల అల్లుతున్న మగాళ్లు కూడా చేతులాపారు.
కూచున్నారు.
వాసన గురించి ఏమీ అనలేదు,
కొంగు మాత్రం ఓసారి ముక్కుదాకా వెళ్లి
దారి మర్చిపోయినట్టు వెనక్కొచ్చింది.

టీ చెప్పారు. నాక్కూడా.
కుర్చీ ఒకటే ఉంది కదా,
ఖాళీ సిలిండర్ మీద కూచుని తాగాను.