ఇరవయ్యారు గీతలు

రేకు మీద అక్షరాలు కోయడం నా పని.
మిర్చి యార్డు దాటాక ఏటుకూరు రోడ్డులో
రెండు గజాల కొట్టు, ఒక సుత్తి, నాలుగు ఉలులు.
దగ్గు మాత్రం వచ్చే పోయే వాళ్ళందరిదీ.

టిక్కీ మీద పేరు పడనిదే సరుకు ఓడెక్కదు.
గుమాస్తా పిచ్చేశ్వరరావు కాగితాలు రెండూ బల్ల మీద పడేసి
"ఇది చీనాకి, ఇది వియత్నాంకి.
రెండూ మిరపకాయే, మీరా. పొద్దుగూకేలోపు కావాలి" అన్నాడు.

రెండూ మిరపకాయే.
వియత్నాందాన్ని టీ చల్లారేలోపు కోసేశాను.
ఒక సున్నా, దాని భుజాన చిన్న కొమ్ము,
నెత్తిన ఏటవాలుగా ఓ గీటు,
పక్కన ఒక నిలువూ ఒక అడ్డమూ.
ఇంగ్లీషు అక్షరమే గానీ మన బడికొచ్చి పోయినట్టుంది,
పైన తలకట్లు, కొన్నిటికి కాళ్ళ కింద చుక్కలు.

"ఆ గీట్లు ఎవడు చూస్తాడు, తీసెయ్."
కారంలో దీర్ఘం తీస్తే కరం సార్,
మిరపకాయ పోయి
మండే చెయ్యి మిగులుద్ది.

చీనాదీ రెండక్షరాలే.
లెక్కపెట్టాను, ఇరవయ్యారు గీతలు,
మొదటిదానికే పధ్నాలుగు.
నడుమ ఒక కిటికీ, దానికి ఒక్కటే ఊచ.
చుట్టూ కోస్తే లోపలి రేకు
ఊడిన పన్నులా కింద రాలుద్ది.
రాలకుండా సన్నటి వంతెన వదలాలి.
లావైతే అక్షరం చెడుద్ది,
సన్నమైతే పదో టిక్కీకే విరుగుద్ది.
మూడు రేకులు పాడుచేశాను మొదటేడు.

ఎడమ సగం ఘాటట, కుడి సగం కట్టిన మోపట,
కోల్డ్ స్టోరేజీలో ఎవరో చెప్పారు.
అప్పట్నుంచి అది నాకు టిక్కీలాగే కనిపిస్తుంది.
ఎట్లా పలకాలో ఇప్పటికీ తెలీదు.
చూస్తే కళ్ళు మాత్రం మండుతాయి.

మొన్న మార్చిలో హైఫాంగ్ నుంచి సరుకు చూడ్డానికొచ్చింది
లాన్ అని ఒకామె. మూతికి గుడ్డ, కళ్ళ వెంట నీళ్ళు.
నాకూ చదువొచ్చని చూపించుకుందామని
టిక్కీ మీది పేరు "ఓట్" అని చదివాను.
తొడిమలు తీసే ఆడవాళ్ళంతా వింటుండగా నవ్వి,
తుమ్ము మధ్యలో ఆగిపోయినట్టు పలికిందామె.
నేను మళ్ళీ అన్నాను. మళ్ళీ నవ్వింది.

పక్క వరసలోవి చీనా టిక్కీలు.
మరి ఇది? అని వేలు చూపించాను.
తల అడ్డంగా ఊపింది.
వెంటొచ్చిన చెన్నై కుర్రాడు వచ్చీరాని తెలుగులో చెప్పాడు:
వాళ్ళ ముత్తాత సమాధి మీద ఇట్లాంటి రాతే ఉందంట.
ఆయన చదివేవాడంట.
వీళ్ళకి తేలిక అక్షరాలొచ్చాయి,
చిన్నపిల్లలు కూడా గడగడా చదివేస్తారంట.
సమాధి దగ్గరికెళ్తే మాత్రం
బొమ్మలు చూసినట్టు చూసి వస్తారంట.

నేనేమీ అనలేదు.
మాది నూర్ బాషాల ఇల్లు, పొయ్యి కాడా తెలుగే, తిట్టూ తెలుగే.
తాత ఖబరు మీది రాయి మాత్రం ఉర్దూ.
ఏటా షబే బరాత్ ముందు సున్నం కొట్టి
నల్లరంగులో కుంచె ముంచి ఆ వంకర్ల మీదే నడిపిస్తాను.
ఒక్క చుక్క కూడా పక్కకి పోదు.
చదవబోతేనే
కళ్ళు ఎడమ నుంచి మొదలవుతాయి.

ఆయన పేరే నాకు పెట్టారట.
ఆ రాతలో అది ఎక్కడుందో.

లారీ హారన్ కొడుతోంది.
పిచ్చేశ్వరరావు గుమ్మంలో నిలబడి
"గీట్లు ఉంచావా, తీశావా?" అంటున్నాడు.
కింద చేటలో రాలిన రేకు ముక్కలు,
కొమ్ములు, చుక్కలు, కిటికీలోని తునకలు.
పాతినుప సామాన్ల వాడు
అన్నీ కలిపే తూస్తాడు.