రెండో గుండు

యానాంలో, ఉప్పుకొట్టు పక్క సందులో
మీరా సాయిబు దుకాణం.
చాప మీద మూడు పిస్తోళ్లు.
మూడూ ఒంటిగుండువే.
"దేనికి?" అన్నాడు తలెత్తకుండా,
ఆముదపు గుడ్డతో ఏదో మర తుడుస్తూ.

దుప్పికి, అన్నాను.
మొన్న వరదకి కొండల్నించి
దుంగ పట్టుకొచ్చిందో, ఈదుకొచ్చిందో,
మా లంకలో దిగింది.
పొగాకు ముట్టదు, మిరప ముట్టదు.
పెసరచేను మాత్రం
రోజుకో బారెడు కొరికేసి పోతోంది.

మొదటిది పొట్టిది, బొడ్లో దాగేది.
"పడవలో దొంగలకైతే సరే.
దుప్పి నీ మొహం చూసి బెదరదుగా."

రెండోదాని మీద మనసు పడ్డాను.
ఎవరో ఫ్రెంచి దొర అమ్ముకుపోయిందట,
పిడికి వెండిపువ్వులు, మూతికి చెకుముకిరాయి.
"మన గాలికి జాడీలో ఉప్పే నీరైపోతుంది చిట్టబ్బాయ్,
రాయి కొడుతుంది, నిప్పు రాలుతుంది,
మందు మాత్రం పడుకునే ఉంటుంది."

మూడోది అనాకారి.
మూరెడు బారు, తుమ్మపిడి, నెత్తిన రాగిటోపీ పెట్టేది.
చిటికినవేలు దూర్చి చూశాను,
నత్తగుల్ల లోపలిలా మెలికలు.
"గుండు తిరుగుతూ పోతుంది, తిన్నగా పోతుంది.
ఇరవై అడుగులు. ఆ పైన కాలిస్తే పాపం నీదే."

సురేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు
తానే నూరిన మందు
మూడు చింతగింజల ఎత్తు తూచి చూపించాడు.
మందు, ఆముదపు పేలిక, గుండు,
గజంతో దిగ్గొట్టడం, ఆఖర్న టోపీ.
నాచేత ఏడుసార్లు చేయించి అడిగాడు,
"రెండో గుండుకి ఎంతసేపు పడుతుంది?"
రెండోది ఎందుకూ, అన్నాను.

అప్పుడు తలెత్తాడు.
ఎనభై చెప్పినవాడు డెబ్బైకిచ్చాడు.

కార్తీకంలో నాలుగు తెల్లవారుజాములు
రెల్లులో బోర్లా పడుకున్నాను,
మందుకొమ్ము చొక్కా లోపల, పొట్టకి ఆనించి,
చంటిపిల్లని వెచ్చబెట్టినట్టు.
అయిదోనాడు వచ్చింది.
ఇరవై అడుగులు కూడా లేదు,
చెవి మీద వాలిన దోమని అది విదిలించడం చూశాను.

పేలింది.
పొగ మంచులో కలిసి
నేను చేసిందేమిటో నాకే కనపడనివ్వలేదు.
తేటపడ్డాక
దుప్పి కూర్చునుంది.
వెనక కాళ్లు లేవు దానికి, ఉన్నా లేవు.
తల నిలబెట్టి నావేపే చూస్తోంది,
నోట్లో పెసరతీగ అలాగే ఉంది.

మందు. సగం నేలపాలు.
పేలిక. వేళ్లకే అంటుకుపోయింది.
గుండు.
గజం వంకరగా దిగి ఇరుక్కుంది, లాగి మళ్లీ కొట్టాను.
టోపీ జారి చేలో పడింది,
పెసరగింజంత టోపీ, పెసరచేలో.
ఇంకోటి తీశాను.
ఈలోగా అవతలి రేవులో మొదటి పడవ కట్టు విప్పారు,
ఎవరో ఎవర్నో "ఒరే, బేగా రా" అని కేకేశారు,
కొంగ ఒకటి వచ్చి మా ఇద్దరి మధ్యా వాలి
మమ్మల్ని కాక బురదని చూసుకుంది.
దుప్పి తీగ నమలడం మొదలెట్టింది.
నమిలింది.

తర్వాత కాల్చాను.

మాంసం నలుగురికీ పంచాను. నేనూ తిన్నాను,
తినలేదని అబద్ధమెందుకు.

పిస్తోలు వెనక్కి తీసుకెళితే
సాయిబు గొట్టంలో వేణ్ణీళ్లు పోశాడు.
మురిగిన గుడ్ల వాసనతో నల్లటి నీళ్లు
కాలవలోకి పోయాయి, చాలాసేపు పోయాయి.
ఎంతసేపు పట్టిందని అడుగుతాడేమోనని
లెక్క సిద్ధం చేసుకునే వెళ్లాను.
అడగలేదు.
అరవై చేతిలో పెట్టి, "టీ తాగుతావా?" అన్నాడు.

మరుసటేడు పెసరకాయ కోస్తుంటే
మా రెండోది మంగాయమ్మ
అరచేతిలో ఏదో పట్టుకొచ్చింది,
చిలుమెక్కి, పచ్చగా, గుండ్రంగా.
"నాన్నా, ఇదేం గింజ?"