మూడంగుళాలు

పుట్టాసింగి దారిలో ఏడో గెడ్డ దగ్గర
ఒక రాయి ఉంది.
నాలుగేళ్లుగా నా జీపు కడుపు మీద
వేలిముద్ర వేస్తూనే ఉంది.
మొన్న వానల్లో ఆయిల్ చాంబర్ పగిలింది.
పసుపు బస్తాల మీద కూర్చుని
నల్లబడ్డ గెడ్డ నీళ్లని తెల్లార్లూ చూశాను.
రాయి ఎలాగూ లేవదు.
బండే లేవాలి.

గునుపురంలో ఈ పని ఎవడికి తెలుసు?
షోరూము కుర్రాడు నవ్వాడు,
"కమాండరా? ఇంకా బతికే ఉందా?"
విశాఖలో కిట్టు దొరుకుతుందన్నాడు, ధర చెప్పాడు.
ఆ డబ్బుకి ఇంకో జీపే వస్తుంది,
దీనికన్నా ముసలిది.

రైలు గేటు అవతల వైద్యనాథ మహారణ కొలిమి.
గొడ్డళ్లకి పదును పెడతాడు, నాగటి కర్రులు సాగదీస్తాడు,
ఒడియాలో మొదలెట్టి తెలుగులో తిడతాడు.
జీపు చుట్టూ రెండుసార్లు తిరిగి
కమాను కట్టల్ని సుత్తితో తట్టి, చెవి పెట్టి విన్నాడు.
"అలిసిపోనాయిరా ఇవి.
నడ్డి వంగిపోయినోళ్ల చేత బస్తాలు మోయిస్తన్నావు."

ఆదివారం పొద్దున్నే మొదలు.
చిన్న రైలు పోయాక మిగిలిన స్లీపరు దుంగల మీద
జీపుని ఎక్కించాం.
చక్రాలు ఊడిన బండి
పళ్లసెట్టు తీసిన ముసలాయనలా
మొహం చాటేసుకున్నట్టుంది.
యూ బోల్టులు రానన్నాయి.
కిరసనాయిలు పోశాం, టీ తాగాం,
మళ్లీ పోశాం.
పానాకి గొట్టం తొడిగి
ఇస్సాకు గొమాంగో దానికి వేలాడాడు,
పదిహేడేళ్లవాడు, కాళ్లు గాల్లో.
కీచుమని ఒక్క అరుపు,
బోల్టూ వాడూ కలిసే కింద పడ్డారు.

మహారణ నేల మీద సుద్దతో ఒక వంపు గీశాడు.
చెరిపాడు. మళ్లీ గీశాడు.
"ఎంత మందినెక్కిస్తావు?"
"పది మందిని."
"నిజం చెప్పు."
"పద్దెనిమిది."
మూడోసారి గీశాడు.
బరువెక్కితేనే తిన్నగా నిలబడే వంపు అది.
ఒక్కో పట్టీ కాలింది, ఒంగింది, నూనెలో బుస కొట్టింది.
విరిగినదాన్ని పక్కన పడేసి
పాత లారీ పట్టీ ఒకటి కోసి కట్టలోకి దూర్చాడు.
"ఆఉ టికె, ఆఉ టికె" అంటూ
నా చేత జాకీ దింపించాడు.

చీకటి పడే వేళకి జీపు నిలబడింది.
టేపు పెట్టి కొలిచాను,
మూడంగుళాల మీద ఒక నూలు.
తాళం తీసి ఎక్కబోతుంటే
కింద పడుకున్న ఇస్సాకు నా పంచె లాగాడు.
"అన్నా, బ్రేకు గొట్టం సూడు."
బండి పెరిగింది, గొట్టం పెరగలేదు.
వీణ తీగలా బిగిసిపోయి ఉంది.
ఒక్క గుంతలో పడితే చాలు,
ఘాటీ మలుపులో నా కాలు ఉత్త గాలిని తొక్కేది.
మహారణ ఏమీ అనలేదు. బీడీ వెలిగించుకుని
మొదటి దమ్ము వాడికిచ్చాడు.

పర్లాకిమిడి బస్సులో పొడుగు గొట్టం వచ్చేసరికి
సోమవారం గడిచిపోయింది.
మంగళవారం సంత.
అనాసపళ్ల గంపతో సోంబారి ముసల్ది వచ్చింది.
కాలెత్తింది. అందలేదు.
ఇంకో కాలెత్తింది. అదీ అందలేదు.
గంప దించి, జీపుని కిందనించి పైకి చూసి,
"నీ బండి పెద్దోడైపోనాడు" అంది,
"నన్ను ఒగ్గేసి పోతాడా?"

మళ్లీ కొలిమి దగ్గరికే తోలాను.
ఆ విరిగిన పట్టీయే, బూడిదలోంచి లాగి
వెనకాల మెట్టుగా అతికించాడు.
డబ్బులిస్తే రెండు అనాసపళ్లు చాలన్నాడు.
అవి సోంబారివి. ఆవిడ ఒకటే ఇచ్చింది.

ఏడో గెడ్డ.
అలవాటుగా పళ్లు బిగించాను, భుజాలు బిగించాను.
చక్రాలు దిగాయి, ఎక్కాయి.
చప్పుడు లేదు.
అవతల గట్టున ఎందుకో బండి ఆపి
వెనక్కి తిరిగి చూశాను.
రాయి అక్కడే ఉంది,
నెత్తి మీద నా పాత ఆయిల్ మరకతో.
కొత్త మెట్టు మీద కూర్చున్న సోంబారి
పొగాకు ఉమ్మేసి అడిగింది,
"ఏటైనా మర్సిపోనావా?"